పీయూష గ్రంథి, చెరువు రవ్వ, ఒక పాత బాకీ

శాకాహారివి, జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికినవాడివి, నీకు చేపల గొడవ ఎందుకయ్యా అని ఈ టపా చూచి మిత్రులు నవ్వుకోవచ్చును. నవ్వుకోండి. ఒక విద్యార్థికి నేను నలభై ఏండ్లుగా ఒక సమాధానం బాకీ పడి ఉన్నాను. అది తీర్చుకొనే ప్రయత్నమే ఇది.

1985 వానకాలం. బోధనుకు అల్లంత దూరంలోని ఒక ఊరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా చేరి ఏడాది దాటలేదు. ఊరికి ఒకవైపు చెరకు తోటలు, మరొకవైపు చెరువు. ఎనిమిదవ తరగతిలో మత్స్యావతార కథ చెబుతున్నాను. రాజు దోసిట్లో పడిన చేపపిల్ల కమండలువులో పట్టక, చెరువులో పట్టక, చివరకు సముద్రాన్నే ఆక్రమించిన ఘట్టం. వెనుక బల్ల మీది పిల్లవాడొకడు లేచి నిలబడ్డాడు. గంగపుత్రుల ఇంటివాడు, మాటలు తక్కువ.

"సారూ, చెర్ల రవ్వకు కడుపునిండ గుడ్లుంటయి. మిరుగునాడు కోస్తె దోసెడు ఎల్తయి. మరి చెర్ల పిల్లలెందుకు గావు? మా నాయిన పైసలు వెట్టి పిల్లల్ని ఎందుకు కొనుక్కొస్తడు?"

"భగవల్లీల నాయనా, కూర్చో" అన్నాను. తరగతి నవ్వింది. వాడు కూర్చున్నాడు. నాకు తెలియదు అని చెప్పడానికి ఆ వయస్సులో నోరు రాలేదు.

ఆ మరుసటి ఏడే వాని తండ్రి, మరి నలుగురు కలిసి అప్పు చేసి, ఒక దళారి వద్ద మేలుజాతి పిల్లలని నమ్మి కొన్నవి చెరువులో వదిలారు. వేసవిలో వలవేస్తే వచ్చినవి వ్రేలెడు పొడవు దాటని పిచ్చిచేపలు. పిల్లవాడు పదవ తరగతి పూర్తి చేయలేదు. బొంబాయి పోయాడు, అక్కడినుండి గల్ఫుకు. ఇందూరు జిల్లాలో ఇది క్రొత్త కథ కాదు. కాని వాడు అడిగిన ప్రశ్నకూ వాడు ఊరు విడవడానికీ నడుమ ఉన్న సంబంధం నాకు చాలా ఆలస్యంగా అర్థమయినది.

ముందుగా వాని ప్రశ్న ఎంత సరియైనదో చెప్పాలి. చెరువులో అన్ని చేపలూ అలా ఉండవు. కొర్రమీను చెరువులోనే గుడ్లు పెట్టి, పిల్లలు ఎదిగేదాకా కాపలా కాస్తుంది. బంగారుతీగ నాచుకూ తుంగకూ గుడ్లు అంటించిపోతుంది. చిక్కంతా బొచ్చె, రవ్వ, మృగాల అనే మూడింటితోనే. (కోస్తా మిత్రులు రవ్వను శీలావతి అంటారు, మృగాలను ఎర్రమోసు అంటారు.) ఇవి పుట్టుకతో ఏటి చేపలు. తొలకరి దాటి వరద వచ్చినప్పుడు ఏటికి ఎదురెక్కి, క్రొత్తనీరు పొర్లిన పల్లపు నేలల్లో గుడ్లు విడుస్తాయి. చెరువులో వేస్తే తింటాయి, బలుస్తాయి, వేసవి చివరకు కడుపులు గుడ్లతో నిండుతాయి. అక్కడితో ఆగిపోతుంది. వానకాలం గడిచిపోతే ఆ గుడ్లు తిరిగి చేప శరీరంలోనే ఇంకిపోతాయి. లక్షల గుడ్లు, ఒక్క పిల్ల లేదు.

కనుక చెరువులకు పిల్లలు ఏటినుండి రావలసినదే. బెంగాలులో గంగాపాయల ఒడ్డున వరదకాలంలో సన్నని వలలు కట్టి, కొట్టుకొని వచ్చే గుడ్డు విడిచిన పిల్లను పట్టి, కుండలలో పోసి, కలకత్తానుండి రైళ్ళలో దేశమంతటా పంపేవారు. వెంట్రుకంత పిల్లలో ఏది రవ్వయో ఏది ఇతర చేపలను మింగే వాలుగయో కంటికి తెలిసేది కాదు. దారిలో చచ్చినవి చావగా మిగిలినవి చెరువులోకి. మా ఊరివారిని ముంచిన దళారి ఆ పాత వ్యాపారపు చివరి కొసలవాడే అయి ఉంటాడు.

ఇక్కడ మా ప్రాంతపు కథ ఒకటి కలుస్తుంది. 1923లో మొదలై 1931 నాటికి మంజీరపై నిజాంసాగరు కట్ట లేచింది. దాని నీటితో మాగాణి వచ్చింది, మాగాణితో చెరకు వచ్చింది, చెరకుతో బోధనులో 1937–38 నాటికి నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకొన్న ఆ మిల్లు 2015లో మూతబడింది. ఆ సంగతి మరొకప్పుడు. నేను చెప్పదలచినది, కట్ట కట్టిన తరువాత ఏటికి ఎదురెక్కే చేపకు గోడ అడ్డం వచ్చింది. జలాశయానికి ఎగువన, వరద బాగా వచ్చిన ఏడు, కొంత సంతానం కలుగుతూనే ఉంటుంది. దిగువన ఉన్నదానికి దారి లేదు. కాలువలతో నిండిన మా చెరువులకు నీరు వచ్చింది గాని వరద రాలేదు. నీరు వేరు, వరద వేరు. రవ్వకు ఆ భేదం తెలుసు. తెలిసేది దాని తలలో.

ఈ తలలోని సంగతికి ముందు ఒక్క మాట భాషను గూర్చి, వృత్తిదోషం కదా, క్షమించాలి. మెదడు అడుగున వేలాడే చిన్న గ్రంథిని ఇంగ్లీషులో పిట్యూటరీ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు మూలం శ్లేష్మం. మెదడులోని మలినం ఆ త్రోవన ముక్కులోకి దిగుతుందని గాలెన్ కాలంనుండి పాశ్చాత్యులు నమ్మారు, నమ్మకం పోయినా పేరు పోలేదు. మనవారు దానికి పీయూష గ్రంథి అని పేరుపెట్టారు. పీయూషమంటే అమృతం, ఈనిన ఆవు మొదటి దినాల పాలు కూడాను. అక్కడ చీమిడి, ఇక్కడ అమృతం. పేరు పెట్టిన పండితుడెవరో గాని ఆయనకు నమస్కారం.

ఈ గ్రంథికీ చేప సంతానానికీ ఉన్న సంబంధాన్ని మొదట పట్టుకొన్నది అర్జెంటీనాలో. బెర్నార్డో హుస్సే, తరువాత 1947లో నోబెల్ బహుమతి పొందినాయన, 1930 ప్రాంతాల ఒక చేప గ్రంథి రసాన్ని మరొక చిన్న జాతి చేపలకు ఎక్కించి, వాటిలో నెలలు నిండకుండానే ప్రసవం కలిగించాడు. అది ప్రయోగశాల ముచ్చట. దానిని చెరువుగట్టుకు తెచ్చినది బ్రెజిల్. ఆ దేశపు ఈశాన్య భాగం కరవు నేల, మన తెలంగాణ వలెనే వాననీటిని చెరువులుగా కట్టుకొని బ్రతికే సీమ. ఆ చెరువులలో ఏటి చేపలు పిల్లలు పెట్టవు, సరిగ్గా మా పిల్లవాని ప్రశ్నే. రొదొల్ఫో వాన్ ఇహెరింగ్ బృందం 1934 ప్రాంతంలో గ్రంథిరసపు సూదితో వాటిచేత గుడ్లు విడిపించింది. రష్యాలో గెర్బిల్‌స్కీ 1930ల చివర స్టర్జన్ చేపలపై ఇదే పద్ధతిని నిలబెట్టాడు. తరువాత వోల్గాపై ఆనకట్టలు లేచి ఆ చేపల దారి మూసుకొనిపోయినప్పుడు, వాటి వంశం నిలవడానికి ఆ సూదియే ఆధారమయినది. కట్ట ముందు, సూది వెనుక. మంజీర కథకు వోల్గా కథ అన్నగారన్నమాట.

మన దేశంలో తొలి ప్రయత్నం పంజాబులో హమీద్ ఖాన్‌ది, 1930ల చివర. ఆయన మృగాలకు క్షీరదాల గ్రంథి హార్మోను ఎక్కించాడు. కార్పు జాతికి క్షీరదాల రసం సరిగా పట్టదు, దగ్గరి చుట్టమైన చేపదే కావాలి. ఆ పాఠం నేర్చుకోవడానికి మరి రెండు దశాబ్దాలు పట్టింది. 1955లో హీరాలాల్ చౌధురి ఒక చిన్న పరిగె జాతి చేపకు బొచ్చె గ్రంథిరసం ఎక్కించి గుడ్లు పెట్టించాడు. ఆపైన 1957 జూలై 10. ఒడిశాలోని అంగుల్ చెరువుల వద్ద, కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ కటక్ శాఖకు చెందిన చౌధురి, అలీకున్ని అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, నిలవనీటి చేపలచేత గుడ్లు విడిపించడంలో కృతార్థులైనారు. ఆ ఋతువులోనే రోహు, మృగాల, రెబా దారికి వచ్చాయి. బొచ్చె మాత్రం మొండిది, ఆలస్యంగా లొంగింది. 2001నుండి జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. చౌధురి 2014లో గతించారు. పత్రికలలో నాలుగు పంక్తులు వచ్చాయేమో. ఈ దేశంలో అన్నంలోకి చేప తినే కోట్లమందిలో ఆయన పేరు విన్నవారు ఎందరు?

ఆ పద్ధతిని నేను కన్నులారా చూచాను. 1987లో అనుకుంటాను, శ్రావణమాసంలో ఒక ఆదివారం పిల్లలను పోచంపాడు ఆనకట్ట చూపడానికి తీసుకొనిపోయినప్పుడు, అక్కడి చేపపిల్లల కేంద్రం వద్ద ఒక పనివాడు నేలపై కూర్చొని ఉన్నాడు. ముందు చేపతలల గుట్ట. కత్తితో తల పైచిప్పను టెంకాయ మూతవలె ఎత్తి, మెదడును మెల్లగా తిరగవేసి, దాని క్రింద ఎముకలోని గుంటలోనుండి తెల్లని గింజ ఒకదానిని చిమటాతో తీశాడు. ఆవగింజంత. దానిని చారాయి కాదు, అసలైన స్వచ్ఛమైన ఆల్కహాలు ఉన్న నల్లసీసాలో వేశాడు. "బంగారం సార్ ఇది" అన్నాడు. అంగడిలో తలలు ఏరి, మంచులో పెట్టి తెచ్చి, ఇలా ఒలిచి దాచుకొంటారట. తరువాత గింజలను నూరి, నీటిలో కలిపి, తేర్చి సూదిలోకి ఎత్తుతారు. ఆడుచేపకు కిలో బరువుకు రెండు మూడు మిల్లీగ్రాముల గ్రంథి మొదట, ఆరు గంటల తరువాత అయిదునుండి ఎనిమిది. మగదానికి రెండవ విడత వేళ ఒక్కసారే రెండు మూడు. తోక మొదట కండలో పొడుస్తారు. సన్నని గుడ్డతో కుట్టి నీటిలో కట్టిన హాపాలో సాయంత్రం జంటను వదిలితే, తెల్లవారేసరికి గుడ్డ నిండా ముత్యాలు. పదునాలుగు, పదునెనిమిది గంటలలో అవి పిల్లలు.

అంటే చేపకు ఏమి లోపించినది? గుడ్లు ఉన్నవి. వాటిని కదిలించే రసం దాని గ్రంథిలో కూడా ఉన్నది, లేకపోతే దాని తల ఇంకొక చేపకు మందు ఎట్లా అవుతుంది? గ్రంథి ఉన్నది, అందులో పీయూషమూ ఉన్నది. విడుదల కాలేదు. ఎందుకు కాలేదన్నది 1957 నాటి సూదికి తెలియదు. అది బయటినుండి రసం తెచ్చి పోసింది, అంతే. ఇంటిలో ధాన్యం ఉండి, గాదె తలుపు తెరుచుకోక, పొరుగింటి బియ్యంతో వండుకొన్నట్లు.

గాదె తలుపు ఎవరి చేతిలో ఉన్నదో తెలియడానికి మరి ఇరవై ముప్ఫై ఏండ్లు పట్టింది. గ్రంథికి పైన మెదడులో హైపోథాలమస్ అనే భాగం ఉన్నది, గ్రంథికి ఆజ్ఞలు అక్కడనుండి వస్తాయని జెఫ్రీ హారిస్ 1955 నాటికి గట్టిగా వాదించాడు. ఆ ఆజ్ఞ ఏ పదార్థమో పట్టుకోవడానికి అమెరికాలో ఇద్దరు, గియ్‌మే, షాలీ, పోటీపడి లక్షల గొర్రెల, పందుల మెదడు ముక్కలను వడకట్టారు. సంతానానికి సంబంధించిన విడుదల హార్మోను పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అని 1971లో తేలింది. 1977లో నోబెల్ వచ్చింది. సాల్మన్ చేపలోని గొలుసు 1983లో తెలిసింది, క్షీరదాలదానికి రెండు పూసలే తేడా. విశేషమేమంటే మనలో ఈ ఆజ్ఞ సన్నని రక్తనాళాలలో పడి గ్రంథిని చేరుతుంది. ఎముకల చేపలలో నాడీతంతువులే గ్రంథిలోకి దిగి, కణం గుమ్మంలో ఉత్తరం అందించి వస్తాయి.

ఇక ఈ హార్మోనును కృత్రిమంగా చేసి సూది వేస్తే చాలునని అందరూ ఆశించారు. కార్పు చేపలు కదలలేదు. పెద్ద మోతాదులు ఇచ్చినా ఫలితం నిలకడగా లేదు. కారణం కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ పీటర్ బృందానికి చిక్కింది. 1978లో వారు గుడ్లతో నిండిన బంగారుచేప మెదడులో ఒక చిన్న భాగాన్ని చెరిపివేశారు. చెరిపితే గుడ్లు ఆగవలసినది, దానికి విరుద్ధంగా రసం పొంగి గుడ్లు వాటంతట అవే విడుదలయినవి. అంటే మెదడునుండి అదిలించేది ఒకటే కాదు, ఆపేది ఇంకొకటి కూడా వస్తున్నదన్నమాట. ఆ ఆపేది డోపమైను అని మరి నాలుగైదేండ్లలో నిర్ధారించారు.

నాకిది చదువగానే శక్కర్‌నగరు త్రోవలో చెరకు బండ్లు జ్ఞప్తికి వచ్చాయి. ముందు బండి ఆగితే వెనుకవాడు పగ్గం బిగబట్టి కూర్చుంటాడు. అప్పుడు వెనుకనుండి ఎవరైనా ముల్లుగర్రతో ఎంత పొడిచినా ఎడ్లు మెడలు విసరుతాయే గాని అడుగు వేయవు. పగ్గం వదలాలి. ముల్లుగర్ర విడుదల హార్మోను, పగ్గం డోపమైను. ఏటి వరదలో, వానలో, చల్లబడిన క్రొత్తనీటి ప్రవాహంలో చేపకు ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి, పొడుపు పెరుగుతుంది, పగ్గం సడలుతుంది. చెరువులో పగ్గం సడలదు. ఇదీ, నాయనా, నీవు అడిగిన ప్రశ్నకు సమాధానం. భగవల్లీల అని తప్పించుకొన్న మీ సారు 1985లో చెప్పవలసినది ఇది, అప్పటికే కెనడాలో కొందరికి తెలిసినది. (అన్ని చేపలకూ ఈ పగ్గం ఇంత గట్టిగా లేదు. కొన్ని సముద్రపు చేపలకు పొడుపొకటే చాలు.)

పీటర్, గ్వాంగ్‌ఝౌలోని లిన్ హావోరాన్ కలిసి ముల్లుగర్రనూ పగ్గం కోసే కత్తినీ ఒకే సూదిలో పెట్టారు. ఇద్దరి పేర్లూ అతికి ఆ పద్ధతికి 1988లో లిన్‌పే అని పేరుపెట్టుకొన్నారు. ద్వంద్వ సమాసమని మా పిల్లలకు చెప్పదగిన ఉదాహరణ. పగ్గం కోసేది డాంపెరిడోను. పేరు ఎక్కడో విన్నట్లున్నదా? వాంతులకూ కడుపుబ్బరానికీ వైద్యులు వ్రాసే మాత్రయే. నా మందుల డబ్బాలోనూ ఒక పట్టీ ఉన్నది. డోపమైను తలుపుతట్టే చోట ఇది అడ్డం కూర్చుంటుంది. మెదడు లోపలికి అంతగా చొరబడదు, గ్రంథి వద్దనే పని ముగిస్తుంది. ఓవాప్రిమ్ అనే పేరుతో అంగడికి వచ్చిన మందులో ఒక మిల్లీలీటరుకు సాల్మన్ హార్మోను అనుకరణ 20 మైక్రోగ్రాములు, డాంపెరిడోను 10 మిల్లీగ్రాములు ఉంటాయి. 1980ల చివర మన దేశానికి వచ్చింది, తరువాత ఇక్కడే ఓవాటైడ్ వంటివి తయారయినవి. ఆడు రవ్వకు కిలోకు అర మిల్లీలీటరు లోపు, ఒకే విడత. తలలు ఒలవనక్కరలేదు, రాత్రి రెండవ సూదికి మేలుకొనక్కరలేదు. పైగా చేప తన గ్రంథిలోని రసాన్నే తాను వాడుకొంటుంది.

కొల్లేటి చుట్టుపక్కల, కైకలూరు వైపు, వేలాది ఎకరాల చెరువులు చేపలతో నిండడానికి ఉన్న కారణాలలో ఈ సీసా ఒకటి. 2016లో తెలంగాణ ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం మొదలుపెట్టగలిగినదంటే, కోట్ల సంఖ్యలో పిల్లను కోరిన వేళకు పుట్టించగల నేర్పు అప్పటికి ఉండబట్టే. కలకత్తా కుండల కాలంలో అది ఊహకైనా రాదు.

అయితే నాకు ఒక సంకోచం ఉన్నది, దాచుకోను. ఏటిలో వరద వేలాది చేపలను ఒకచోట కలుపుతుంది. హేచరీ గుండ్రని తొట్టిలో కలిపేది పదులను. అవే తల్లిచేపలను ఏటేటా వాడినచోట రక్తసంబంధాలు దగ్గరై సంతతి బలహీనపడుతుంది. బొచ్చె, రవ్వ ఒకే తొట్టిలో పడినచోట సంకరజాతి పుట్టి తిరిగి చెరువులలోకీ ఏటిలోకీ చేరుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని ఎప్పటినుండో చెబుతున్నారు. నార్వేవారి సహకారంతో భువనేశ్వరు వద్ద కౌసల్యాగంగలో వేర్వేరు ఏళ్ళ రవ్వలను తెచ్చి, ఎంచి, 1997లో జయంతి రోహు అనే మేలురకాన్ని విడుదల చేశారు. సూదిని తెలివిగా వాడితే ఏమవుతుందో చెప్పడానికి అది నిదర్శనం. అందరు హేచరీలవారూ అంత ఓపికపడరు. తండ్రి ఎవరో తెలియని పిల్లను కొని మోసపోయిన మా ఊరి గంగపుత్రుని కష్టం వేరొక రూపంలో నిలిచే ఉన్నది.

ఆ పిల్లవాడు, ఇప్పుడు యాభై దాటినవాడు, గల్ఫునుండి వచ్చి పదేండ్లయినది. ఊరి మత్స్య సహకార సంఘంలో ఉన్నాడు. మొన్న మిరుగు నాడు ఫోనులో ఇదంతా చెప్పాను, బండి, పగ్గం, ముల్లుగర్రతో సహా. ఓపికగా విన్నాడు. "గట్లనా సారూ" అన్నాడు. "నేనడిగింది మీకింక యాదున్నదా? నాకైతే యాదికి లేదు." తరువాత, ఈ ఏడు పిల్లలు వ్రేలెడు కూడా లేవనీ, అంత చిన్నవి వదిలితే కొర్రమీను పాలేననీ, లెక్కపెట్టేవేళ నన్ను వచ్చి కూర్చొమ్మనీ అడిగాడు. సంతకాలు చదివి చెప్పే మనిషి కావాలట. వెళ్ళాలి.

చివరగా మిత్రులకు ఒక అభ్యర్థన. క్రొత్తనీటికి చేప ఏరు ఎక్కడాన్ని మావైపు ఎదురెక్కుడు అంటారు. కందకుర్తి సంగమం దగ్గర, మంజీర గోదావరిలో కలిసే చోట, ముసలివారు కొందరు దీనికి వేరే మాట వాడేవారని విన్నాను గాని పట్టుకోలేకపోయాను. మీ మీ ప్రాంతాలలో, కృష్ణ ఒడ్డున, పెన్న ఒడ్డున, నాగావళి వంశధారల వైపు, ఏమంటారో వ్యాఖ్యలలో తెలియజేయగలరు.